ఖాళీ గడి అంటే అందరూ

అప్ప పోయిందన్న కబురు నాకు వాట్సాప్‌లో తెలిసింది. మా పాత ఆఫీసు గ్రూపులో ఎవరో "మన డీఈవో మేడం ఇక లేరు" అని పెట్టారు. పది నిమిషాల్లో ఇరవై మంది చేతులు జోడించారు. వాళ్ళలో సగం మంది జిల్లా విద్యాశాఖాధికారి పోయారనుకుని జోడించారని నా అనుమానం. ఎందుకంటే ఒకాయన "విద్యారంగానికి తీరని లోటు" అని కూడా రాశాడు. విద్యారంగంలో అప్ప చేసింది ఒకటే, నాలాంటి ఇంజినీర్లకి బుద్ధి చెప్పడం. ఆవిడ డీఈవో అంటే డేటా ఎంట్రీ ఆపరేటరు. అది కూడా కాంట్రాక్టు.

పేరు రాయను. ఆఫీసులో అటెండరు దగ్గర్నుంచి అందరూ అప్ప అనే పిలిచేవారు. మావైపు అక్కని అప్ప అంటారు. నేను చేరిన రోజున "మేడం" అన్నాను. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదకి తోసి నన్ను ఎగాదిగా చూసి, "మేడం కుర్సీ పై మేడ మీదున్నాది బావూ. ఇక్కడ అప్పే ఉన్నాది. కూకో" అంది.

అది శ్రీకాకుళంలో, చేపల వేటకి వెళ్ళే బోట్ల లెక్కాడొక్కా చూసే ఓ సర్కారీ ఆఫీసు. రాష్ట్రం విడిపోతుందా లేదా అని టీవీలు గొంతు చించుకుంటున్న రోజులు. నాకు ఇరవై మూడేళ్ళు. గరివిడి కుర్రాణ్ణి, చేతిలో బీటెక్ పట్టా, నెత్తిన దానికి రెట్టింపు పొగరు. ఏజెన్సీ ద్వారా ప్రోగ్రామర్‌గా పంపారు. ఆఫీసు మొత్తంలో ఏసీ ఉన్నది సర్వరు గదికే. అందుచేత ఎండాకాలంలో మా సారుకి సర్వరు మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చేది, రోజూ మధ్యాహ్నం దాని ఆరోగ్యం కనుక్కోవడానికి వచ్చి గంటసేపు కునుకు తీసి వెళ్ళేవారు. ఆ గది మూల బల్ల అప్పది. సొరుగులో ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం, ముడిలో గుచ్చిన పెన్సిలు, కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చోవడం. డేటాబేసు ఆవిడ చేతిలో ఉందని ఏ కాగితం మీదా లేదు. కానీ అది ఆవిడ మాట తప్ప ఇంకెవరి మాటా వినేది కాదు.

నాకిచ్చిన మొదటి పని వెతుకులాట స్క్రీను. ఆరు గళ్ళు: మండలం, ఊరు, బోటు నంబరు, ఇంటిపేరు, మనిషి పేరు, తండ్రి పేరు. ఏ గడి నింపితే దాన్నిబట్టి వెతకాలి, ఖాళీగా వదిలింది పట్టించుకోకూడదు. మావైపు ఒక ఊళ్ళో అప్పలరాజు అని కేకేస్తే పదిమంది పలుకుతారు, ఇంకో పదిమంది బద్ధకించి ఊరుకుంటారు. అందుకని అన్ని గళ్ళూ కావాలి. నాకంటే ముందున్న మహానుభావుడు ఒక్కో కలయికకీ ఒక్కో క్వెరీ, అంటే డేటాబేసుని అడిగే వాక్యం, చొప్పున రాసుకుంటూ పోయాడు. ఆరు గళ్ళకి అరవై నాలుగు. నలభయ్యోది రాస్తుండగా మనసు విరిగి బ్యాంకు పరీక్షలకి చదువుకోవడానికి వెళ్ళిపోయాడట.

నేను డైనమిక్ ఎస్‌క్యూఎల్ రాశాను. అంటే క్వెరీని ముందే కట్టి ఉంచకుండా, నింపిన గళ్ళని బట్టి అప్పటికప్పుడు ముక్కలు అతికించి వాక్యం తయారుచేసి దాన్ని నడిపించడం. అప్ప దాన్ని అతుకుల బొంత అనేది. పది నిమిషాల్లో కుట్టి పారేశాను. కోతికి కొబ్బరికాయ దొరికితే ఎలా ఉంటుందో ఆ పూట నా మొహం అలా ఉంది. రెండు వేళ్ళతో ఎంటర్ కొట్టి, "ఎలా ఉంది అప్పా?" అన్నాను.

"బావుంది. లెగు" అని నా కుర్చీలో తను కూర్చుంది. పేరు గడిలో పేరు కొట్టలేదు. ఒక కొటేషన్ మార్కు పెట్టి, దాని వెనకాల 'లేకపోతే ఒకటి ఒకటికి సమానం' అని అర్థం వచ్చే ముక్క ఒకటి కొట్టింది. నా బొంత ఆ ముక్కని కూడా శ్రద్ధగా అతికించుకుని నడిచింది. ఒకటి ఒకటికి ఎప్పుడూ సమానమే కాబట్టి, జిల్లాలో ఉన్న బోట్ల వాళ్ళందరి పేర్లూ, ఫోన్ నంబర్లూ స్క్రీను మీద జలజలా రాలాయి.

"ఇంకో ముక్క కొడితే పట్టికే ఉండదు. కొట్టమంటావేటి?"

వద్దన్నాను.

"సూడు బావూ. పెళ్ళి బోయినాల్లో బంతిలో కూసున్నోడు ఏటి సెయ్యాల? పప్పు కావాల, పులుసు కావాల అని అడగాల. అంతేగాని లెగిసొచ్చి గరిటట్టుకుని నానే వండేస్తానంటే? నువ్వు ఆడికి గరిటిచ్చీసినావు."

తర్వాత ముడిలోంచి పెన్సిలు తీసి, రాసి చూపించింది. జనం గడిలో కొట్టినది ఏదైనా సరే వాక్యంలో కలపకూడదు, పరామీటరుగా విడిగా పంపాలి. అప్పుడు వాడు కొటేషన్లు పెట్టినా కొండలు పెట్టినా డేటాబేసు దాన్ని ఒక పేరుగానే చూస్తుంది, ఆజ్ఞగా చూడదు. వాక్యం మనది, సరుకు వాళ్ళది. నాలుగేళ్ళ చదువులో నాకెవరూ ఇలా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టలేదు. పెట్టినా నేను తొక్క తిన్నానేమో తెలీదు.

ఇంకోసారి సారు, జాబితాని ఎవరికి నచ్చిన వరసలో వాళ్ళు చూసుకునేలా చెయ్యమన్నారు. ఏ కాలమ్ ప్రకారం పేర్చాలన్నది పరామీటరుగా పంపడం కుదరదు. కాలమ్ పేరు సరుకు కాదు, వాక్యంలో భాగం. నేను మళ్ళీ అతికించబోయాను. అప్ప నా చేతి మీద స్కేలుతో కొట్టి, గోడ మీద ఒక కాగితం అంటించింది. దాని మీద ఏడు కాలమ్‌ల పేర్లున్నాయి. "ఈ ఏడుగురే లోపలికి. వచ్చినోడి పేరు ఈ కాయితంలో ఉన్నాదో నేదో సూడు. ఉంటే మన కాయితంలో పేరు తీసి అతికించు. ఆడు సెప్పిన పేరు అతికించకు." నేను రాసిన కోడ్‌లో ఇప్పటికీ ఆ కాగితం ఏదో ఒక రూపంలో ఉంటుంది. ఆ స్కేలు దెబ్బ అలాంటిది.

ఇవన్నీ ఒక ఎత్తు, అచ్చేసి చదివించడం ఒక ఎత్తు. బొంత తయారయ్యాక దాన్ని వెంటనే నడపడానికి వీల్లేదు. ముందు స్క్రీను మీద అచ్చేయించి, పైకి, తెలుగులో, గట్టిగా చదవాలి. "బోట్ల పట్టికలోంచి, మండలం ఫలానాది అయి, ఊరు ఫలానాది అయిన వాళ్ళని చూపించు." రెండో తరగతి పిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పాలి. పక్క గదిలో సీనియర్ అసిస్టెంటు గారు ఆ చదువు విని, "ఇంజినీరు గారికి ఇవాళ ఎన్నో ఎక్కం?" అని అడిగేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. "ఇంగ్లీషులో అయితే కళ్ళు జారిపోతాయి బావూ. తెలుగులో సదివితే తప్పు నాలిక్కి తగుల్తాది" అనేది అప్ప. నిజమే, తగిలేది. కానీ తగిలిందని ఒప్పుకునేవాణ్ణి కాదు.

పట్టికలో ఏదైనా మార్చాలంటే ఇంకో తంతు. ముందు అదే షరతుతో ఎంతమంది తగులుతారో లెక్క తియ్యాలి. ఆ లెక్క చూసే ముందు నా నోటితో నేను ఒక అంకె చెప్పాలి. రెండూ దగ్గర్లో లేకపోతే నడపకూడదు. ఇది వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నదట. వాళ్ళమ్మ ఒడ్డున చేపలు కొనేటప్పుడు తట్టని ఒక్కసారి చేత్తో ఎత్తి, ఇన్ని చేపలున్నాయి అనేదట. తర్వాత లెక్కపెట్టించేది. లెక్క తేడా వస్తే లెక్కపెట్టినవాణ్ణి తిట్టేది కాదు, తట్ట బోర్లించి మళ్ళీ మొదలెట్టేది. "అంచనా నేనోడు లెక్క సూసినా ఒకటే, సూడపోయినా ఒకటే" అనేది అప్ప. నాకు మొదట్లో ఇదంతా చాదస్తంగా ఉండేది. డిగ్రీ కూడా దూరవిద్యలో చదివిన మనిషి, నెత్తళ్ళు నములుతూ నాకు అంచనాలు నేర్పడమేమిటని.

సరే, ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు వాయుగుండం చెప్పాపెట్టకుండా దిశ మార్చుకుంది. ముందురోజు వేటకి వెళ్ళిన బోట్లలో ముప్ఫై ఏడు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి. తెల్లారేసరికి ఆఫీసు నిండా జనం. ఒడిశా వైపు ఏ రేవుకి ఏ బోటు చేరిందో ఫోన్లు వస్తుంటే, అప్ప ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకుంటోంది: బోటు నంబరు, చేరిన ఊరు, కబురు చెప్పినవాడి పేరు. మధ్యాహ్నానికి ఇరవై తొమ్మిది చేరాయి. ఎనిమిది మిగిలాయి. ఆ ఎనిమిదింటి కోసం గస్తీ ఓడని పంపమని అడిగే ప్రయత్నంలో ఉన్నారు మా సారు.

బయట బెంచీ మీద పొద్దున్నించీ ఒకామె కూర్చునుంది. మొగుడి బోటు నంబరు అరచేతిలో పెన్నుతో రాయించుకుని వచ్చింది. అరగంటకోసారి కిటికీ దగ్గరకొచ్చి అరచెయ్యి చూపించేది. నేను గడిలో కొట్టి చూసి తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఆమె వెళ్ళి కూర్చునేది.

ఒక్కో బోటూ విడిగా మార్చడం ఆలస్యమవుతోంది, ఊళ్ళవారీగా 'చేరింది' అని కొట్టేలా స్క్రీను కావాలన్నారు సారు. నా వెతుకులాట స్క్రీనుకి చదివే హక్కు తప్ప మార్చే హక్కు లేదు, అప్ప దాని లాగిన్ అలా కట్టేసి ఉంచింది. మార్చాలంటే ఆవిడ లాగినే కావాలి. పొద్దున్నించీ మంచినీళ్ళు కూడా తాగకుండా ఫోన్ల దగ్గర ఉన్న మనిషి, పాస్‌వర్డ్ కొట్టి ఇస్తూ, "రెండు ముద్దలు తినీసొస్తాను. అచ్చేసి సదివే నొక్కు బావూ" అంది. అలాగే అన్నాను.

వెతకడానికి కుట్టిన బొంతనే తిరగేశాను. 'చూపించు' ఉన్నచోట 'మార్చు' పెట్టాను. మిగతాదంతా అదే. పరామీటర్లు శుభ్రంగా ఉన్నాయి, గరిటె ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ విషయంలో నా మీద ఎవరూ వేలెత్తి చూపలేరు. అయితే అచ్చెయ్యలేదు, చదవలేదు. జనం గోలలో నిలబడి పద్యం అప్పజెప్పడానికి నామోషీ.

సర్కారు రిజిస్టర్లలో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. ఖాళీ వదిలితే ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారు. అందుకని రాయడానికి ఏమీ లేనిచోట రెండు గీతలు పెడతారు. మా సీనియర్ అసిస్టెంటు గారికి ముప్ఫై ఏళ్ళ సర్వీసు, కంప్యూటర్‌లోనూ అదే అలవాటు. ఆయన గీతల బాధ పడలేక, గీతలు కనిపిస్తే ఆ గడి ఖాళీ కింద లెక్కేసుకోమని నేనే ఎప్పుడో రాసిపెట్టాను. అలా రాసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

మూడు దాటాక ఆయనకి ఒక ఫోన్ వచ్చింది. ఎక్కడో ఒడ్డుకి ఒక బోటు కొట్టుకొచ్చింది, నంబరు చెరిగిపోయింది, అందులోవాళ్ళు సొమ్మసిల్లి ఉన్నారు, ఏ ఊరివాళ్ళో తెలియదు. అది మా బోటే అవునో కాదో కూడా అప్పటికి తెలియదు, కాదని తర్వాత తేలింది. ఆయన ఏమీ దాచుకోని మనిషి. ఆరు గళ్ళలోనూ నిజాయితీగా రెండేసి గీతలు పెట్టి, 'చేరింది' నొక్కారు.

వెతికేటప్పుడు అన్ని గళ్ళూ ఖాళీగా ఉంటే అందరినీ చూపిస్తుంది. అది మంచిదే. మార్చేటప్పుడు అన్ని గళ్ళూ ఖాళీగా ఉంటే అందరినీ మార్చేస్తుంది. ఆ ముక్క అచ్చేసి చదివితే రెండో తరగతి పిల్లాడికి కూడా తెలిసేది: "వేటకి వెళ్ళిన బోట్లన్నిటినీ చేరినట్టు మార్చు."

స్క్రీను మీద ముప్ఫై ఏడూ 'చేరింది' అయిపోయాయి. సారు ఎగిరి గంతేశారు. పైకి ఫోన్ చేసి అందరూ క్షేమం అని చెప్పేశారు. గస్తీ ఓడ అక్కర్లేదన్నారు. పావుగంటలో టీవీలో కింద అక్షరాలు పరిగెత్తాయి.

ఆమె కిటికీ దగ్గరికొచ్చి అరచెయ్యి చూపించింది. చెమటకి అంకెలు సగం అలికిపోయాయి.

"సేరినాడా బావూ?"

"చేరాడమ్మా! ఇంటికెళ్ళి హాయిగా అన్నం తిను."

"ఏ ఊరు సేరినాడు?"

చేరిన ఊరు రాసే గడి ఖాళీగా ఉంది. "ఎక్కడో చేరాడులేమ్మా. ఫోన్ చేస్తాడు" అన్నాను.

ఆమె నా మొహంకేసి ఒక క్షణం చూసింది. దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆ దండం నేను హాయిగా తీసుకున్నాను, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

మెట్ల మీద ఆమె అప్పకి ఎదురైందట. అప్ప చెయ్యి కూడా తుడుచుకోకుండా లోపలికొచ్చింది.

"ఏ ఊరో తెలవకుండా సేరినాడని ఎలగ సెప్పినావు?"

"సిస్టంలో ఉంది అప్పా."

నన్ను పక్కకి జరిపి పట్టిక తెరిచింది. పైనుంచి కిందకి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది. పెదాలు కదులుతున్నాయి. ఒకచోట వేలు ఆగింది. మళ్ళీ కదిలింది. ముప్ఫై ఏడింటికీ మార్చిన సమయం ఒకటే, మూడు గంటల పన్నెండు నిమిషాలు.

"సముద్రం ఒక్క నిమిషంలో ముప్పయ్యేడు బోట్లని ఒగ్గీసిందేటి బావూ?"

ఆవిడ తిట్టలేదు. నోటుబుక్కు తెరిచి ఒక్కో నంబరూ చదివింది, నేను ఒక్కోటీ సరిచేశాను. ఇరవై తొమ్మిదికి ఊళ్ళున్నాయి. మిగిలిన ఎనిమిదీ నా చేత కొట్టించలేదు. కీబోర్డు లాక్కుని తనే ఒకదాని తర్వాత ఒకటి 'చేరలేదు' అని కొట్టింది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని సారు గదిలోకి లాక్కెళ్ళింది.

సారు విని మొహం వేలాడేశారు. "రిపోర్టు వెళ్ళిపోయిందమ్మా. టీవీలో కూడా వచ్చేసింది. ఇప్పుడు కాదంటే నా పరువేం కావాలి? సాయంత్రానికి అవే వచ్చేస్తాయిలే."

"వస్తే మంచిదే సార్. రాపోతే ఆల్ల ఇళ్ళకి మీ పరువట్టుకుని ఎల్తారేటి?"

"అసలు ఎవరు చేశారీ పని?"

"ఈడు రాసినాడు, పెద్దాయన నొక్కినాడు, నాను తాళమిచ్చి బోయినానికెల్లినాను. ముగ్గురం ఇక్కడే ఉంటాం, ఎక్కడికీ పారిపోం. ముందు ఫోన్ సెయ్యండి."

సారు ఫోన్ చేసేదాకా ఆవిడ బల్ల ముందునుంచి కదలలేదు. ఫోన్లో సారు 'సాంకేతిక లోపం' అన్న మాట నాలుగుసార్లు వాడారు. నాలుగుసార్లూ నాకేసే చూశారు.

బయటికొచ్చాక, అయిపోయిందనుకుని కుర్చీ వెతుక్కుంటుంటే అప్ప గొడుగు తీసింది. "పద బావూ."

"ఎక్కడికి?"

"టేబుల్లోది సరిసేసినావు. ఆ మనిషి సెవిలో ఏసిందో? అది ఎవులు సరిసేస్తారు?"

సముద్రం వైపు వెళ్ళే బస్సెక్కాం. వాన అద్దాల్లోంచి లోపలికి కొడుతోంది. దారిలో అప్ప వాళ్ళ ఊరు వచ్చింది. కండక్టరు ఆవిణ్ణి ఎరుగున్నవాడిలా ఉన్నాడు, అడక్కుండానే ఈల వేసి బస్సాపాడు. "ఈరోజు దిగను, పోనీ" అంది. అటువైపు తల కూడా తిప్పలేదు. నేను నా బాధలో ఉన్నాను. ఆమెకి ఏమని చెప్పాలో మనసులో వాక్యాలు అతికించుకుంటున్నాను. ఒక్కటీ అతకలేదు.

ఆమె ఇల్లు ఒడ్డుకి దగ్గర్లోనే. గాలికి తలుపు కొట్టుకుంటోంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ముగ్గురు పిల్లలు కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. అప్ప గుమ్మంలోనే ఆగిపోయి నన్ను ముందుకి తోసింది.

"అమ్మా... చేరలేదమ్మా. ఇంకా తెలీలేదు. నేను తప్పు చెప్పాను" అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొట్టినా బావుండేది. ఆమె గరిటె పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నువ్వు ఊరి పేరు సెప్పనేనప్పుడే నాకు తెలిసింది బావూ. ఒక్కపూటైనా ఉన్నాడనుకుని పిల్లలికి అన్నం ఎడదామని వచ్చీసినాను. ఆల్లకి సెప్పకు, తిననీ."

అప్ప లోపలికెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. పిల్లలు తినడం అయ్యాక మేము బయల్దేరాం. తిరుగు బస్సులో అప్ప నాకేసి తిరగకుండా కిటికీలోంచి సముద్రం వైపే చూస్తూ కూర్చుంది. నా తప్పుకి కోపంగా ఉందనుకున్నాను. ఆ కోపం న్యాయమేననుకున్నాను.

ఆ రోజు చీకటి పడేలోపే గస్తీ ఓడ బయల్దేరింది. ఎనిమిదిలో అయిదు మర్నాటికి దొరికాయి. ఆ పై సాయంత్రం రెండు. అందులో అరచేతి ఆమె మొగుడిది కూడా ఉంది. ఆఖరిది మూడో రోజున దొరికింది. ఇంజను చచ్చిపోయి ఎటో కొట్టుకుపోతుంటే ఓడ వాళ్ళు చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు. అందరూ బతికే ఉన్నారు. ఆ ఫోన్ అప్పే ఎత్తింది. ఎప్పట్లాగే నంబరు, ఊరు, చెప్పినవాడి పేరు నోటుబుక్కులో రాసుకుంది. రాసి, తలనొప్పిగా ఉంది, పూట సెలవు కావాలని సారుని అడిగి వెళ్ళిపోయింది. ఇంత పని నా నెత్తిన పడేసి ఇప్పుడా తలనొప్పి అని నేను సీనియర్ అసిస్టెంటు గారితో సణిగాను కూడా.

రెండు వారాలకి మెమో వచ్చింది. నాకు కాదు. మార్పు జరిగింది ఎవరి లాగిన్‌తోనో వాళ్ళకి. "మీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపుము." నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. రెండు రోజులు గట్టిగా, రేపు వెళ్ళి సారుకి చెప్పేద్దామనుకున్నాను. మూడో రోజు నుంచి మెత్తగా అనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేశాను. మార్చి నెలాఖరుకి అందరి కాంట్రాక్టులూ పొడిగించారు, అప్పది పొడిగించలేదు. ఆవిడ పెన్సిలు ముడిలో గుచ్చుకుని, నెత్తళ్ళ పొట్లం సంచిలో వేసుకుని, గోడ మీది కాగితం మాత్రం వదిలేసి వెళ్ళింది. నేను గేటు దాకా వెళ్ళాను. గేటు దగ్గర కూడా నోరు పెగల్లేదు. పిరికితనానికి చదువుతో పని లేదు, నేనే సాక్ష్యం.

ఆ తర్వాత రెండేళ్ళకి శ్రీకాకుళం బస్సుల కాంప్లెక్సులో కనిపించింది. ఏదో ప్రైవేటు కాలేజీలో పరీక్షల విభాగం చూస్తోందట. అప్పటికి నేను విశాఖపట్నంలో కంపెనీలో ఉన్నాను, మెడలో కార్డు కూడా ఉంది. ఆవిడ ఆ కార్డు చేత్తో పట్టుకుని చూసి, "ఫొటోలో బుద్ధిమంతుడిలా ఉన్నావు" అంది. పక్కన బియ్యం బస్తా భుజాన వేసుకుని ముప్ఫై ఏళ్ళ మనిషొకడు నిలబడి ఉన్నాడు.

"మా తమ్ముడు" అంది.

అతను బస్తా దించి నాకు దండం పెట్టాడు. "అప్పతో పాటు ఆపీసులో ఉండీవోరు మీరేనా బావూ? ఆ వాయుగుండంలో మూడ్రోజులు సముద్రంలోనే ఉండిపోనాను. ఇంజను పోయినాది. ఆ ఓడ రాపోతే మాకు నూకలు సెల్లిపోయీవే. మీ ఆపీసోలే పంపించినారంట గదా."

ఆఖరి బోటు. మూడో రోజున దొరికింది. పట్టిక మీద కదులుతూ కదులుతూ ఒకచోట ఆగిన వేలు కళ్ళముందు కనిపించింది. అతను టిక్కెట్ల కోసం అటు వెళ్ళాక, ముందు నేను అనాల్సినది అన్నాను, రెండేళ్ళు ఆలస్యంగా.

"ఆ మెమో నాకు రావలసింది అప్పా. నేను చెప్పకుండా ఊరుకున్నాను."

"తెల్సు. ఒగ్గీ" అంది, వదిలెయ్యమన్నట్టు చెయ్యి ఊపి.

"మీ తమ్ముడు ఆ ఎనిమిదింట్లో ఉన్నాడని ఒక్క మాట కూడా అనలేదు. నీ చేత్తోనే 'చేరలేదు' అని కొట్టావు. నాతో బస్సెక్కి ఇంకొకరి ఇంటికొచ్చావు, మీ ఇంటి దగ్గర దిగకుండా. నాకెందుకు చెప్పలేదు?"

అప్ప కళ్ళజోడు నుదుటి మీదకి తోసింది. తమ్ముడు వస్తున్నాడేమోనని ఒకసారి అటు చూసుకుంది.

"సెప్తే నువ్వు సారుని బతిమాలీసి ఆడి బోటే ముందు ఎతికించీవోడివి బావూ. మిగతా ఏడిట్లోనీ కూడా తమ్ముళ్ళే ఉన్నారు."